టెలిస్కోపుకు కాళ్ళు కావాలి

(తృతీయ బి.ఎస్‌సి. విద్యార్థి, కమలాపురం)

టెలిస్కోపు అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" ఆ తరువాత అద్దం ఎంత, గొట్టం ఎంత పొడవు, ధర ఎంత అంటారు. ఆ గొట్టాన్ని దేని మీద నిలబెడతారు, చుక్క వెంట ఎట్లా నడిపిస్తారు అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. కాని రాత్రుళ్ళు కూర్చుని ఆకాశం చూసే అలవాటున్న వాళ్ళు మొదట చూసేది పీఠాన్నే. మడక కర్ర ఎంత గట్టిదైనా కాడి దగ్గర కట్టు వదులైతే చాలు తిన్నగా రాదని సేద్యగాళ్ళకు తెలుసు. టెలిస్కోపు సంగతీ అంతే. అద్దం బంగారంలాంటిదైనా పీఠం వదులైతే ఆ బంగారమంతా మట్టిపాలే.

ఈ పీఠం గురించి, దాని నడక గురించి, మన ప్రాంతంలో దొరికే వస్తువులతో దానిని ఎట్లా గట్టిగా చేసుకోవచ్చో నాకు తెలిసినంతలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంత కదిలితే ఎంత?

ఆకాశంలో దూరాలను కోణాలతో కొలుస్తారు. డిగ్రీలో 60వ వంతు కల, కలలో 60వ వంతు వికల. పంచాంగంలో గ్రహస్ఫుటాలు చూసిన వాళ్ళకు ఈ మాటలు కొత్తవి కావు. పున్నమి చంద్రుని వెడల్పు సుమారు 30 కలలు. గురుగ్రహం బాగా దగ్గరగా వచ్చినప్పుడు దాని వెడల్పు 45 నుంచి 50 వికలలు మాత్రమే.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 120 సెంటీమీటర్ల గొట్టం ఉంది, నడిమధ్యలో ఇరుసు మీద తిరుగుతుంది. కొస నుంచి ఇరుసు దాకా 600 మి.మీ. ఆ కొస మిల్లీమీటరులో పదో వంతు కదిలిందనుకోండి. అంటే రెండు మూడు కాగితాల మందం కూడా లేదు. ఆ కాస్తకే గొట్టం చూపు 34 వికలలు జరుగుతుంది! గురుగ్రహం దాదాపు తన వెడల్పులో మూడు పాళ్ళు పక్కకు దూకినట్టన్నమాట. 100 రెట్లు పెంచి చూసేటప్పుడు మనం పెంచేది గ్రహాన్ని మాత్రమే కాదు, పీఠం వణుకును కూడా అదే 100 రెట్లు పెంచుతాం.

మా వైపు ఒక బడికి దాతలెవరో ఒక టెలిస్కోపు ఇచ్చారు. సన్నటి అల్యూమినియం ముక్కాలు, తుమ్మినా వణికే రకం. పిల్లలు వరుసగా నిలబడి ఒకరి తరువాత ఒకరు కన్ను పెట్టారు. కన్ను తగిలిన ప్రతిసారీ శనిగ్రహం పొయ్యిలోని నిప్పురవ్వ మాదిరి ఎగిరింది. వలయం చూశామని చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. మరునాటి నుంచి అది బీరువాలోనే ఉంది. ఆ పిల్లలు ఇంటికి తీసుకుపోయిన పాఠం ఏమిటంటే, పుస్తకంలో ఉన్న బొమ్మ వేరు, నిజం వేరు, సైన్సంటే ఇంతే అని. ఒక ముక్కాలు ఇంత చెరుపు చేయగలదు. కాబట్టి పీఠం అనేది చిన్న విషయం కాదు.

వణుకు తగ్గించే సూత్రాలు

మొదటిది పొడవు. ఒక కొస బిగించి రెండో కొస వదిలిన కడ్డీ, బరువుకు ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. కడ్డీ పొడవు సగం చేస్తే వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కావున ముక్కాలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. నిలబడి చూడడం కంటె కుర్చీ వేసుకుని కూర్చుని చూడడం మేలు.

రెండోది లావు. గుండ్రటి ఇరుసు గట్టితనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మి.మీ. కడ్డీ బదులు 40 మి.మీ. కడ్డీ వేస్తే గట్టితనం రెండింతలు కాదు, 16 ఇంతలు. కొత్తగా పీఠం చేసేవాళ్ళు అద్దానికి వేలు పోసి ఇరుసు దగ్గర పిసినారితనం చూపిస్తారు. అది తలకిందుల లెక్క.

మూడోది వణుకును మింగే గుణం. బోలు ఇనుప గొట్టాన్ని తడితే గంటలాగా మోగుతూనే ఉంటుంది. మోగుతున్నదంటే వణుకుతున్నదన్నమాట. చెక్కను తడితే 'టక్' మని ఆగిపోతుంది. ఇనుప గొట్టమే వాడదలిస్తే లోపల ఎండిన ఇసుక కూరితే సరి. పాత బోరు కేసింగు పైపు ముక్క, పెన్న ఇసుక, ఈ రెండింటితో వేలకు వేలు పెట్టి కొనే స్తంభానికి తీసిపోనిది తయారవుతుంది.

పరీక్ష చాలా సులువు. చుక్కను చూస్తూ గొట్టం మీద వేలితో తట్టండి. రెండు సెకన్లలోపు చుక్క నిలబడితే పీఠం మంచిది. అయిదు సెకన్లు ఊగితే ఇంకా పని ఉందని అర్థం.

స్తంభాన్ని ఎక్కడ నాటాలన్నది మన నేలలో ప్రత్యేకమైన ప్రశ్న. కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైపైన నాటిన స్తంభం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచేసరికి పక్కకు ఒరుగుతుంది. గట్టి నేల తగిలేదాకా గుంత తీసి అక్కడినుంచి లేపాలి. మిద్దె మీద పెట్టుకుంటే ఆకాశం బాగా కనిపిస్తుంది గాని పక్కన ఎవరు నడిచినా కప్పు ఊగుతుంది. కళ్ళం లాంటి గట్టి నేల అన్నిటికన్నా మేలు.

చౌకలో మేలైనది: డాబ్సన్ పీఠం

1960 ప్రాంతాలలో అమెరికాలో జాన్ డాబ్సన్ అనే ఆయన ఉండేవాడు. 1915లో చైనాలో పుట్టి, రసాయనశాస్త్రం చదివి, 1944 నుంచి 1967 దాకా అక్కడి వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. ఓడ కిటికీల గాజు అరగదీసి అద్దం చేశాడు. అట్ట గొట్టంలో దానిని పెట్టాడు. ప్లైవుడ్ పెట్టెలో ఆ గొట్టాన్ని కూర్చోబెట్టాడు. వీధి చివర నిలబడి దారిన పోయేవాళ్ళను పిలిచి చంద్రుణ్ణి చూపించాడు. తన పీఠానికి పేటెంటు తీసుకోలేదు. ఆయన 2014లో చనిపోయాడు. ఈనాడు ప్రపంచమంతటా ఔత్సాహికులు ఎక్కువగా వాడే పీఠం ఆయన పేరుతోనే పిలవబడుతున్నది.

దాని నిర్మాణం ఫిరంగి బండి మాదిరి ఉంటుంది. అడుగు పలక మీద పెట్టె గుండ్రంగా తిరుగుతుంది. పెట్టె మీద గొట్టం పైకీ కిందికీ వంగుతుంది. అంతే, రెండే కదలికలు. రహస్యమంతా రాపిడిలో ఉంది. మామూలు వస్తువుల మధ్య కదలని స్థితిలో రాపిడి ఎక్కువ, కదలడం మొదలయ్యాక తక్కువ. అందుకే బిగుసుకున్న తలుపును తోస్తే ముందు కదలదు, కదిలిందంటే ఒక్కసారి దూసుకుపోతుంది. టెలిస్కోపుకు ఇది చావుదెబ్బ. టెఫ్లాన్‌లో ఈ రెండు రాపిడులూ దాదాపు సమానం. అందువల్ల మూడు చిన్న టెఫ్లాన్ ముక్కల మీద గరుకు సన్‌మైకా అతికించిన పలక కూర్చుంటే వేలితో తోసినంతే కదులుతుంది, వేలు తీయగానే ఆగుతుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు పడేట్టు టెఫ్లాన్ ముక్కలు కోసుకోవాలి.

అడుగు పలకకు మన జిల్లాలోనే దొరికే కడప బండను మించింది లేదు. చదునుగా దొరుకుతుంది, బరువుంటుంది, చెక్కలాగా వానకు ఉబ్బదు.

చుక్క ఎందుకు జారిపోతుంది?

ఇంత గట్టిగా పీఠం చేసినా చుక్క కంటి ముందు నిలబడదు. కారణం మనకు తెలిసిందే, భూమి తిరుగుతున్నది. 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు. అంటే సెకనుకు దాదాపు 15 వికలలు. 100 రెట్లు పెంచినప్పుడు మనకు కనిపించే ఆకాశం అర డిగ్రీ అనుకుంటే, చుక్క ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండు నిమిషాలలో దాటిపోతుంది. డాబ్సన్ పీఠంతో చూసేవాళ్ళు ప్రతి అర నిమిషానికీ వేలితో కొంచెం తోస్తూ ఉంటారు. చూడడానికి అది చాలు. ఫోటోకు చాలదు.

దీనికి విరుగుడు కనిపెట్టడం కష్టమేమీ కాదు. భూమి ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో దానికి సమాంతరంగా ఒక ఇరుసు పెట్టి, టెలిస్కోపును ఆ ఇరుసు చుట్టూ అదే వేగంతో ఎదురు దిశలో తిప్పితే చుక్క నిలబడుతుంది. దీనినే ధ్రువాక్ష పీఠం అంటారు. 1824లో జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్, డోర్పాట్ వేధశాల కోసం 24 సెం.మీ. కటకంతో చేసిన టెలిస్కోపులో ఇట్లాంటి పీఠాన్ని, బరువు దిగుతూ నడిపించే గడియార యంత్రాన్ని అమర్చాడు. తరువాత వచ్చిన పీఠాలలో చాలా వాటికి అదే మూలం.

మన తెలుగుదేశానికి కూడా ఈ విద్య కొత్తది కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని కొనసాగించి 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని నిజామియా వేధశాలకు నాంది పలికారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రపంచ వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసిన పథకంలో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట హైదరాబాదు వంతుకు వచ్చింది. ఫోటో పలక మీద చుక్కలు గీతలుగా కాక చుక్కలుగానే పడాలంటే నడక ఎంత నికరంగా ఉండాలో ఊహించుకోండి. ఆ తరువాత 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి శాస్త్రజ్ఞులు చూశారు.

మన అక్షాంశం తెచ్చిపెట్టే చిక్కు

ధ్రువ నక్షత్రం మనకు ఎంత ఎత్తులో కనిపిస్తుందో అదే మన అక్షాంశం. కమలాపురంలో అది సుమారు 14.6 డిగ్రీలు. లండన్‌లో 51.5. ఇక్కడే ఉంది తిరకాసు. చలి దేశాల కోసం చేసిన పీఠాలలో కొన్ని 20 డిగ్రీలకు కిందికి వంగవు. వంగినా ఎదురు బరువు పోయి ముక్కాలి కాలికి తగులుతుంది. ఒక కొస మాత్రమే పట్టుకున్న ఇరుసు అక్కడ సగం నిలువుగా ఉంటుంది కాబట్టి బరువు మోయగలదు. మన దగ్గర అదే ఇరుసు దాదాపు పడుకున్నట్టుంటుంది. బరువంతా వేలాడుతుంది, ఇరుసు వంగుతుంది.

మనకు సరిపోయేది రెండు కొసలా పట్టుకున్న ఇరుసు. ఎద్దులబండి ఇరుసును రెండు చక్రాలు ఎట్లా మోస్తాయో అట్లా. ఇదేమీ నా సొంత ఊహ కాదు. తమిళనాడులో వాణియంబాడి దగ్గర కావలూరు వేధశాలలో 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. నిజామియా వేధశాలలో పనిచేసిన ఖగోళజ్ఞుని కుమారుడు, హైదరాబాదులో చదువుకున్న వైను బప్పుగారు దానికోసం జీవితం ధారపోశారు. అది పూర్తికాకముందే 1982లో కన్నుమూశారు. 1986 జనవరి 6న ప్రారంభమైనప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. కావలూరు అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు. అందుకే ఆ టెలిస్కోపును రెండు వైపులా ఆధారం ఉన్న చట్రంలో కూర్చోబెట్టి, ఉత్తరం వైపు గుర్రపు లాడం ఆకారంలో పెద్ద ఇనుప వంపు అమర్చారు. ఇది తక్కువ అక్షాంశాలకు బాగా సరిపోయే పద్ధతి. గొట్టం ఆ లాడం సందులోకి వంగి ధ్రువం వైపు కూడా చూడగలదు.

మనకు లాడం అవసరం లేదు. మామూలు దీర్ఘచతురస్రపు చట్రం చాలు. చట్రం అడ్డం రావడంవల్ల ధ్రువం దగ్గరి ఆకాశం కొంత కనిపించదు. కాని మన ఊళ్ళలో ఆ భాగం ఎటూ దిగువన దుమ్ములోనే ఉంటుంది గనుక నష్టం స్వల్పం. రెండు రాతి కూసాలను ఉత్తర దక్షిణాలుగా 150 సెం.మీ. ఎడంతో నాటాలి. ఉత్తరపు కూసం మీది బేరింగు దక్షిణపు దానికంటె 39 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మీటరుకు 26 సెం.మీ. చొప్పున ఎత్తు పెరిగితే వాలు 14.6 డిగ్రీలు వస్తుంది. పిండిమరలలో, నూర్పిడి యంత్రాలలో ఇరుసును పట్టుకునే బేరింగు పెట్టెలు రెండు తెచ్చుకుంటే ఇక లేతు పని కూడా కొంచెమే. ఒక బేరింగును పక్కలకూ పైకీ కొద్దికొద్దిగా జరపడానికి వీలుగా బోల్టులు పెట్టుకోవడం మరవకూడదు. అది ఎందుకో తరువాత తెలుస్తుంది.

నడిపించే ఉపాయం

ఇక నడక. పెద్ద పళ్ళచక్రం, దానిని తిప్పే మరచుట్టు కడ్డీ (వర్ము గేరు అంటారు) అందరూ వాడే పద్ధతి. 360 పళ్ళున్న చక్రమైతే కడ్డీ ఒక్కో చుట్టు 3 నిమిషాల 59 సెకన్లకు తిరగాలి. కాని ఇందులో నికరం ఎంత కావాలో చూడండి. 10 సెం.మీ. వ్యాసార్థమున్న చక్రం అంచున ఒక వికల అంటే మిల్లీమీటరులో రెండు వేలవ వంతు. పళ్ళు కోయడంలో వెంట్రుక మందంలో పదో వంతు తప్పినా చుక్క ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అందుకే మంచి చక్రాలు అంత ఖరీదు.

మన స్తోమతుకు తగిన ఉపాయం ఇంకొకటి ఉంది. ఇరుసుకు ఒక చేయి బిగించండి. ఆ చేతి కొసను ఒక పొడవాటి బోల్టు నెడుతుంది. ఆరు మి.మీ. బోల్టుకు మామూలుగా రెండు మరచుట్ల మధ్య దూరం 1 మి.మీ. అంటే ఒక్కసారి తిప్పితే చేయి ఒక మిల్లీమీటరు జరుగుతుంది. నిమిషానికి ఒక్క చుట్టు తిప్పితే భూమి వేగం రావాలంటే చేయి ఎంత పొడవుండాలి? భూమి చుట్టుకు 1436 నిమిషాలు. కాబట్టి చేతి కొస గీసే పూర్తి వృత్తం చుట్టుకొలత 1436 మి.మీ. కావాలి. దానిని 6.283తో భాగిస్తే 228.5 మి.మీ. అంతే! గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ దాంతో పాటే బోల్టు పిడి తిప్పుతూ పోతే చుక్క నిలబడుతుంది. కరెంటుతో పని లేదు. కరెంటు పోతే ఇంకా మంచిది, ఆకాశం నల్లబడుతుంది.

ఇందులో ఒక లోపం ఉంది. బోల్టు తిన్నగా పోతుంది, చేయి వంపుగా తిరుగుతుంది. చేయి బోల్టుకు లంబంగా ఉన్న చోటు నుంచి 10 నిమిషాలు నడిస్తే తేడా 6 వికలలు, 20 నిమిషాలకు 46 వికలలు. అందుచేత లంబస్థానానికి 10 నిమిషాల ముందు మొదలుపెట్టి 10 నిమిషాల తరువాత ఆపితే 20 నిమిషాల నడక దాదాపు తప్పు లేకుండా దొరుకుతుంది. తరువాత బోల్టు వెనక్కి తిప్పుకుని మళ్ళీ మొదలు.

చేత్తో తిప్పడం విసుగైతే 200 అడుగుల స్టెప్పర్ మోటారు, చిన్న ఆర్డ్యునో పలక, 12 వోల్టుల బ్యాటరీ చాలు. మోటారు నిమిషానికి ఒక చుట్టు తిరిగితే ఒక్కో అడుగు నాలుగున్నర వికలలు. అడుగును 16 భాగాలు చేసి నడిపిస్తే ఒక్కో భాగం వికలలో మూడో వంతు కూడా ఉండదు. అంతకంటె నికరం మనకు అక్కరలేదు.

ఏ పద్ధతి వాడినా బరువు తూకం ముఖ్యం. చేయి వదిలేస్తే గొట్టం ఎటు తిప్పితే అటు నిలబడాలి. ఆ తరువాత తూర్పు వైపు రవ్వంత మొగ్గు ఉంచాలి. అప్పుడు మరచుట్టు ఎప్పుడూ ఒకే వైపు ఒరుసుకుని ఉంటుంది, మధ్య సందు వల్ల వచ్చే ఎగురుడు ఉండదు.

గురి సరిచూడడం

ఇరుసు నిజంగా ధ్రువం వైపే చూస్తున్నదా? ధ్రువ నక్షత్రం కనిపిస్తే సుమారుగా సరిచేయొచ్చు. అది కూడా అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీకి కొంచెం తక్కువ దూరంలో ఉంటుంది. మన దగ్గర చెట్లు, దుమ్ము అడ్డమైతే అదీ కనిపించదు. అప్పుడు చుక్కల జారుడే మనకు గురువు.

మృగశిర మండలం నడుమ వరుసగా ఉండే మూడు చుక్కలు ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉంటాయి. అవి ఉత్తర దక్షిణ రేఖ మీదికి వచ్చినప్పుడు ఒకదానిని చూస్తూ నడక మొదలుపెట్టండి. చుక్క దక్షిణానికి జారితే ఇరుసు ఉత్తరపు కొస తూర్పుకు ఎక్కువ పోయిందని అర్థం. ఉత్తరానికి జారితే పడమటికి పోయింది. తరువాత తూర్పున దిగువగా ఉన్న మరో చుక్కను చూడండి. అది దక్షిణానికి జారితే ఇరుసు కొస ఎత్తు తక్కువ, ఉత్తరానికి జారితే ఎక్కువ. బేరింగు బోల్టులు పెట్టుకోమన్నది ఇందుకే. రెండు రాత్రుల ఓపికతో ఈ పని ముగుస్తుంది. ఇనుప గొలుసుతో పొలం కొలిచేవాళ్ళ ఓపిక ఉంటే చాలు.

ఒక హెచ్చరిక. ఏ టెలిస్కోపునైనా పగలు సూర్యుని వైపు తిప్పి కన్ను పెట్టకూడదు. క్షణంలో చూపు పోతుంది.

మనం చేయగలిగింది

మన ఇళ్ళలో పెద్దలు కార్తెలు చూసి విత్తుతారు. మృగశిర, ఆరుద్ర అనే పేర్లు నోట్లో నానుతూనే ఉంటాయి. కాని ఆ పేర్లు చుక్కలవని, మృగశిర కార్తెలో మృగశిర చుక్కలు కనిపించవని, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యుడే ఆ చుక్కల దగ్గర ఉంటాడని ఎంతమందికి తెలుసు? చలికాలం రాత్రి అదే మండలాన్ని, దాని కత్తి నడుమ పొగమంచులాంటి నెబ్యులాను నిలకడగా చూపించగలిగితే, నోటి మాటగా ఉన్న జ్ఞానం కంటి చూపు అవుతుంది.

వానలు కరువైన సీమ మనది. మేఘాలు తక్కువ కనుక ఏడాదిలో చాలా రాత్రులు ఆకాశం తేటగా ఉంటుంది. రాయి మన దగ్గరే ఉంది, ఇసుక ఉంది, ఇనుము పని తెలిసిన కమ్మరులు, లేతు షాపులు ప్రొద్దుటూరులో కావలసినన్ని. భౌతికశాస్త్రంలో మనం పరీక్షల కోసం చదివే ఘర్షణ, భ్రామకం, స్థితిస్థాపకత అన్నీ ఒక్క పీఠంలో ఉన్నాయి. కళాశాల సైన్సు సంఘం వచ్చే ఏడు ఒక్క పీఠం చేసి, దానిని మూలనపడిన టెలిస్కోపు ఉన్న ఏదో ఒక పల్లె బడికి ఇస్తే, ఆ బడిలో వరుసలో నిలబడే పిల్లలకు శనిగ్రహం వలయం నిలకడగా కనిపిస్తుంది. ముందు విద్యార్థి సంఘం రెండు రాతి కూసాలు తెప్పిస్తే చాలు, గుంత తవ్వడానికి మేము సిద్ధం.